దశ మారే చోటే జారిపోయే సొమ్ము: తెలుగిళ్ళలో స్త్రీల ఆర్థిక ప్రణాళిక

ఇరవైలలో పొదుపు, ముప్పైలలో బీమా, నలభైలలో పిల్లల చదువు, యాభైలలో పింఛను అంటూ స్త్రీల ఆర్థిక ప్రణాళికను వయసు మెట్ల మీద పేర్చి చెప్పడం అలవాటైపోయింది. మధ్యలో తెగకుండా ముప్పై అయిదేళ్ళు ఒకే రకంగా జీతం అందుకునే మనిషిని దృష్టిలో పెట్టుకొని వేసిన మెట్లు ఇవి. తెలుగు ప్రాంతాల్లో చాలామంది స్త్రీలకు పెళ్ళితో ఊరు మారుతుంది, కాన్పుతో ఉద్యోగం ఆగుతుంది, మళ్ళీ మొదలైతే తక్కువ జీతంతో మొదలవుతుంది, భర్త తనకంటే కొన్నేళ్ళు పెద్దవాడు కావడం వల్ల చివరి కొన్నేళ్ళు ఒంటరిగా గడపవలసి రావడమూ మామూలే. ఒక్కొక్క దశలో ఎంత కూడబెట్టారన్న లెక్క అవసరమే. అయితే నష్టం ఎక్కువగా జరిగేది ఒక దశ నుంచి మరొక దశకు దాటే చోట. సొమ్ము ఎవరి పేరున ఉంది, దాని మీద చెల్లే కాగితం ఎవరి దగ్గర ఉంది అన్న విషయాలు ఆ మలుపుల దగ్గరే తేలుతాయి.

బాల్యం గురించి చెప్పవలసింది తక్కువ. 2015 జనవరిలో మొదలైన సుకన్య సమృద్ధి ఖాతాను ఆడపిల్లకు పదేళ్ళు నిండకముందే తెరవాలి. ఏడాదికి కనీసం రూ. 250, గరిష్ఠంగా రూ. 1.5 లక్షల చొప్పున పదిహేనేళ్ళు జమ చేస్తే ఖాతా తెరిచిన ఇరవై ఒక్క ఏళ్ళకు మొత్తం చేతికి వస్తుంది. 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతంగా ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండాక గాని, పదో తరగతి ముగిశాక గాని చదువు కోసం సగం వరకు తీసుకోవచ్చు. పెళ్ళి కోసమైతే పద్దెనిమిదేళ్ళు దాటాక ఖాతానే మూసివేయవచ్చు. ఆచరణలో ఈ రెండో వెసులుబాటే లక్ష్యంగా మారి, చదువు కోసమని వేసిన సొమ్ము కల్యాణమండపం అద్దెకూ భోజనాలకూ చేరడం అరుదేమీ కాదు. పద్దెనిమిదేళ్ళు నిండిన నాటి నుంచి ఖాతాను నడిపే అధికారం ఆ అమ్మాయిదే అయినప్పటికీ, పాస్‌పుస్తకం తండ్రి బీరువాలోనే ఉండిపోయే ఇళ్ళు చాలా ఉంటాయి.

మొదటి ఉద్యోగంతో అసలు కథ మొదలవుతుంది. హైదరాబాదులోనో విశాఖలోనో నాలుగేళ్ళు పనిచేసిన అమ్మాయి పెళ్ళి కుదిరి రాజీనామా చేసినప్పుడు, పీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) ఖాతాలోని రెండు మూడు లక్షలను తీసి పెళ్ళి ఖర్చులో కలపడం ఎవరికీ వింతగా అనిపించదు. ఇరవై ఏడేళ్ళ వయసులో మూడు లక్షలు కదలకుండా ఉండి, ఎనిమిది శాతం పైచిలుకు వడ్డీ ఇదే తీరుగా కొనసాగుతుందనుకుంటే, తొమ్మిదేళ్ళకోసారి రెట్టింపవుతూ యాభై నాలుగేళ్ళకు అది దాదాపు ఇరవై నాలుగు లక్షలవుతుంది. ధరలు ఏటా ఆరు శాతం పెరుగుతాయనుకుంటే ఆనాటి ఇరవై నాలుగు లక్షలు నేటి అయిదు లక్షల పాటి సొమ్మే కాబట్టి, ఈ లెక్క చూసి మురిసిపోనక్కరలేదు. అంతకంటే పెద్ద నష్టం సర్వీసు పోవడం. ఉద్యోగుల పింఛను పథకంలో పింఛనుకు అర్హత రావాలంటే పదేళ్ళ సర్వీసు కావాలి. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు, పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక ఆరేళ్ళు పనిచేసిన స్త్రీ మొదటిసారి పింఛను సొమ్మును తీసేసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ (అప్పటివరకు చేసిన సర్వీసుకు రుజువు పత్రం) తీసుకొని ఉంటే ఆ రెండూ కలిసి పదేళ్ళవుతాయి. తీసేసుకుంటే రెండో ఉద్యోగంలో లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఉద్యోగం మధ్యలో తెగే అవకాశం ఎక్కువగా ఉన్నవారికే ఈ నిబంధన ఎక్కువ బరువు.

గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సంస్థ ఇచ్చే ఏకమొత్తం) విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. సాధారణ ఉద్యోగికి అయిదేళ్ళ సర్వీసు నిండాలి. ప్రసూతి సెలవు కూడా ఆ సర్వీసులోకే వస్తుందన్న సంగతి తెలియక, కాన్పు తర్వాత కొద్ది నెలల తేడాతో రాజీనామా ఇచ్చేవారికి మొత్తం చేజారుతుంది. రాజీనామా తేదీని ముహూర్తాన్ని బట్టి నిర్ణయించే ముందు సర్వీసు లెక్క చూసుకోవడం మంచిది.

పెళ్ళి దగ్గర చేతులు మారే సొమ్ములో ముందు కనిపించేది బంగారం. నగగా కొన్నప్పుడు తరుగు, మజూరీ, పన్ను కలిసి ధర పెరుగుతుంది; అమ్మేటప్పుడు వాటిలో ఏదీ తిరిగి రాదు. అయినా బంగారాన్ని పనికిరాని పెట్టుబడి అని కొట్టిపారేసే సలహాదారులు ఒక సంగతి మరిచిపోతారు. భూమి, ఇల్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్టు మగవారి పేరున ఉన్న ఇంట్లో స్త్రీ చేతికి నేరుగా అందిన ఆస్తి అదొక్కటే. వధువుకు ఇచ్చిన నగలు స్త్రీధనమని, వాటి మీద ఆమెకే పూర్తి హక్కని 1985లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2024 ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో, కూతురు బతికి ఉండి తన నిర్ణయాలు తాను తీసుకోగల స్థితిలో ఉండగా ఆమె స్త్రీధనాన్ని తిరిగి ఇవ్వమని అత్తింటివారిని అడిగే హక్కు తండ్రికి సైతం లేదని చెప్పింది. అంటే అది అత్తింటిదీ కాదు, పుట్టింటిదీ కాదు. హక్కు ఎంత గట్టిదైనా రుజువు కావాలి. 1985 నాటి నిబంధనల ప్రకారం వధూవరులకు ఇచ్చిన కానుకల జాబితా రాసి సంతకాలు చేసి ఉంచాలి. పెళ్ళి పుస్తకంలో చదివింపులు పైసలతో సహా రాసే ఇళ్ళలో కూడా ఈ జాబితా కనిపించదు. వరకట్న నిషేధ చట్టం కట్నాన్ని నేరంగా ప్రకటిస్తూనే, ఒకవేళ తీసుకొని ఉంటే పెళ్ళయిన మూడు నెలల్లో దాన్ని ఆ స్త్రీకే బదలాయించాలని ఆరో సెక్షనులో చెప్పింది. ఈ సెక్షను సంగతి తెలిసినవారు తక్కువ.

నగలు తాకట్టుకు వెళ్ళినప్పుడు మరో లెక్క మొదలవుతుంది. రిజర్వు బ్యాంకు 2025లో ప్రకటించిన నిబంధనల ప్రకారం రూ. 2.5 లక్షల వరకు రుణానికి బంగారం విలువలో 85 శాతం, రూ. 5 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం ఇవ్వవచ్చు. రుణం ఎంత సులభమైతే నగ అంత తేలికగా ఇల్లు దాటుతుంది. భార్య నగలను భర్త తన పేరున కుదువ పెట్టినప్పుడు రసీదు అతని పేరున వస్తుంది, తిరిగి విడిపించే బాధ్యత ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. రుణం ఆమె పేరున ఉంటే కనీసం ఆ నగలు ఎవరివన్న దానికి ఒక కాగితమైనా మిగులుతుంది.

బంగారం కంటే విలువైనది, బంగారం కంటే ఎక్కువగా చేజారేది భూమి. కోస్తా జిల్లాల్లో ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద ఎకరమో అరెకరమో ఇవ్వడం పాత ఆచారం. నోటిమాటగా ఇచ్చిన ఆ పొలాన్ని అన్నదమ్ములే సాగు చేస్తూ ఏటా నాలుగు బస్తాల బియ్యమో కొంత కౌలు సొమ్మో పంపుతుంటారు. ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరు చేసిన దస్తావేజు ఉండాలి. అది లేకపోతే పట్టాదారు పాస్‌పుస్తకం తండ్రి పేరునో అన్న పేరునో కొనసాగుతుంది. తండ్రి బతికి ఉన్నంతకాలం మాట నిలుస్తుంది. ఆయన పోయి, ఎకరం ధర కోటి దాటాక, బియ్యం బస్తాలు ఆగిపోయిన చెల్లెలు కోర్టుకు వెళ్ళి నోటి దానాన్ని రుజువు చేసుకోవలసి వస్తుంది. రికార్డులో పేరు లేకపోవడం వల్ల ప్రభుత్వ పథకాలూ అందవు: తెలంగాణలో 2018లో మొదలైన రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ళ లోపు పట్టాదారులకే రూ. 5 లక్షల రక్షణ ఇస్తుంది. రోజంతా పొలంలో ఉండే స్త్రీ పేరు రికార్డులో లేకపోతే ఆ పథకం దృష్టిలో ఆమె రైతు కాదు.

పిత్రార్జితంలో కూతురి వాటా విషయంలో తెలుగు నేల దేశంలో చాలా రాష్ట్రాలకంటే ముందుంది. హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చి, ఆ తేదీకి పెళ్ళికాని కూతుళ్ళకు కొడుకులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు కల్పించింది. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణ పెళ్ళయిన, పెళ్ళికాని అన్న తేడాను తొలగించింది. తండ్రి ఆ తేదీకి జీవించి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం జరిగిన పంపకాలను మాత్రం కదిలించడానికి వీల్లేదు. తండ్రి స్వార్జితాన్ని ఆయన వీలునామా ద్వారా ఎవరికైనా ఇచ్చుకోవచ్చన్నది వేరే సంగతి. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, పుట్టింటితో రాకపోకలు తెగకూడదన్న జంకుతో, ఒక చీర, కొద్ది నగదు తీసుకొని హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టే అక్కచెల్లెళ్ళు నేటికీ ఉన్నారు. వదులుకోవడం తప్పని ఎవరూ అనలేరు. కాని, వదులుకుంటున్నది ఎంతో మార్కెట్టు ధరలో లెక్క కట్టి చూసుకొని వదులుకోవడం వేరు, లెక్క అడగడమే అమర్యాద అనుకొని వదులుకోవడం వేరు.

కాన్పు దశలో చట్టం పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇస్తుంది. అంతకు ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఆరోగ్య బీమాలో కాన్పు ఖర్చు కావాలంటే పాలసీని బట్టి చాలాకాలం నిరీక్షణ ఉంటుంది కాబట్టి గర్భం నిలిచాక కొన్న పాలసీ ఆ కాన్పుకు పనికిరాదు. సెలవు తర్వాత ఉద్యోగం మానేసినప్పుడు మరో నష్టం కనిపించకుండా జరుగుతుంది: కుటుంబం మొత్తానికి ఆమె సంస్థ ఇచ్చిన బీమా ఆగిపోతుంది.

ఇల్లు నడిపే స్త్రీకి జీతం ఉండదు, కాబట్టి పొదుపూ ఉండదనుకోవడం పొరపాటు. భర్త విదేశంలో సంపాదించి పంపగా భార్య ఇల్లు చూసుకుంటూ ఆస్తులు కూడబెట్టిన ఒక కేసులో, 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఆమె ఇంటి చాకిరీని ఆస్తి సంపాదనలో పరోక్ష భాగస్వామ్యంగా గుర్తించి వాటా ఇచ్చింది. గల్ఫ్ దేశాల నుంచి డబ్బు వచ్చే కడప, కరీంనగర్, నిజామాబాద్ ఇళ్ళకు ఈ తీర్పులోని పరిస్థితి బాగా తెలిసినదే. కోర్టు దాకా వెళ్ళకుండా అదే ఫలితం రావాలంటే ఇల్లు కొన్నప్పుడే ఇద్దరి పేరున రిజిస్టరు చేయించడం చాలు. ఇక్కడ ఒక తేడా గమనించాలి: దస్తావేజులో పేరు ఉంటే హక్కు వస్తుంది, రుణపత్రంలో సహ రుణగ్రహీతగా పేరు ఉంటే బాధ్యత వస్తుంది. వ్యాపార రుణాల విషయంలో భార్యలకు తరచుగా రెండోదే దక్కుతుంది. భర్త కట్టలేకపోతే మొత్తం అప్పుకు ఆమె జవాబుదారీ.

పొదుపు సంఘాల స్త్రీల పరిస్థితీ దీనికి దగ్గరగానే ఉంటుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకు రూపాయి చొప్పున మొదలైన పొదుపు, 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు మొదలుపెట్టిన సంఘాల, బ్యాంకుల అనుసంధానంతో కలిసి ఈ ప్రాంతాన్ని దేశానికి ఆదర్శంగా నిలిపింది. సకాలంలో వాయిదాలు కట్టడంలో తెలుగు స్త్రీలకు మంచి పేరు వచ్చింది. ఆ పేరే సూక్ష్మరుణ సంస్థలను ఇక్కడికి రప్పించి, ఒకే ఇంటి మీద నాలుగైదు అప్పులు పేరుకుపోయి, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థలను అదుపు చేయడానికి ఆర్డినెన్సు తేవలసిన పరిస్థితికి దారితీసింది. 2022 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కుటుంబం నెలవారీ ఆదాయంలో సగానికి మించి వాయిదాలు ఉండకూడదు. సంఘంలో అప్పు ఆమె పేరున వస్తుంది, ఆ డబ్బు ఆటో కొనడానికో బోరు వేయడానికో వెళ్తుంది, ఆటో భర్త పేరున ఉంటుంది. సంఘం అప్పును పొదుపుగా లెక్కపెట్టే అలవాటు పోతే గాని ఆమె సొంత పొదుపు ఎంతో తెలియదు. 18 నుంచి 40 ఏళ్ళ లోపు వారికి అటల్ పింఛను యోజన ఉంది. ముప్పయ్యో ఏట చేరి నెలకు రూ. 577 కడితే అరవై తర్వాత నెలకు రూ. 5,000 వస్తుంది. ఆరు శాతం ధరల పెరుగుదల లెక్కన ఆనాటి అయిదు వేలు నేటి తొమ్మిది వందల కంటే తక్కువే. అది ఆసరాయే తప్ప దాని మీదే ఆధారపడి బతకడం సాధ్యం కాదు.

అమెరికాకు ఆధారిత వీసా (భర్త ఉద్యోగ వీసాను బట్టి వచ్చేది) మీద వెళ్ళే తెలుగు భార్యల విషయం ప్రత్యేకం. 2015 నుంచి కొందరికి పని అనుమతి దొరికినా, అది భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినప్పుడే. ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ప్రవాసులకు ఉద్దేశించిన ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించడం, కూతురి సుకన్య ఖాతా ప్రవాస హోదాతో కొనసాగదని తెలుసుకోవడం విమానం ఎక్కేముందు చేయవలసిన పనులు.

అన్నిటికంటే కష్టమైన మలుపు భర్త మరణం. దుఃఖంలో ఉన్న మనిషి బ్యాంకుల చుట్టూ తిరగవలసిన ఆ నెలల్లో తెలిసి ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. వీలునామా లేకుండా హిందూ పురుషుడు మరణిస్తే అతని స్వార్జితం భార్యకు ఒక్కదానికే రాదు. భార్య, కొడుకులు, కూతుళ్ళు, అతని తల్లి సమాన వాటాదారులు. అత్తగారికీ ఒక వాటా ఉందన్న సంగతి చాలామంది కోడళ్ళకు తహసీల్దారు కార్యాలయంలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చేతికి వచ్చాకే తెలుస్తుంది. ముస్లిం స్త్రీలకు పిల్లలుంటే భర్త ఆస్తిలో ఎనిమిదో వంతు, క్రైస్తవ స్త్రీలకు పిల్లలుంటే మూడో వంతు వస్తాయి. నామినీ అన్నది సొమ్ము అందుకునే పేరు. బ్యాంకు డిపాజిట్ల విషయంలో, షేర్ల విషయంలో నామినీ వారసులకు ధర్మకర్త మాత్రమేనని కోర్టులు పదే పదే చెప్పాయి. అయినా నామినీ లేకపోతే ఆ సొమ్ము నెలల తరబడి కదలదు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీల వరకు పెట్టుకోవచ్చు. పెళ్ళికి ముందు తల్లి పేరున ఇచ్చిన పీఎఫ్ నామినేషను పెళ్ళితో చెల్లకుండా పోతుంది; కొత్తది ఇచ్చేవారు కొద్దిమందే.

ఉద్యోగంలో ఉండగా మరణించిన పీఎఫ్ సభ్యుడి కుటుంబానికి విడిగా ప్రీమియం కట్టనవసరం లేని బీమా ఒకటి ఉంది. దాని కింద గరిష్ఠంగా రూ. 7 లక్షల వరకు వస్తాయి. అడగకపోతే ఎవరూ గుర్తు చేయని సొమ్ము ఇది. భార్యకు నెలవారీ పింఛను కూడా వస్తుంది. అప్పులున్న వ్యాపారి, కాంట్రాక్టరు, చిట్టీల్లో జామీను ఉన్న మనిషి బీమా తీసుకునేటప్పుడు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకోవడం చాలా మేలు. అలా తీసుకున్న పాలసీ సొమ్ము భార్యకూ పిల్లలకూ ట్రస్టుగా ఉంటుంది, భర్త అప్పులవాళ్ళు దాన్ని జప్తు చేయలేరు. ఈ ఎంపికను పాలసీ కొనేటప్పుడే చేయాలి, తర్వాత కుదరదు. అదనపు ఖర్చేమీ లేని ఈ ఏర్పాటు గురించి ఏజెంట్లు చెప్పకపోవడం ఆశ్చర్యమే.

భర్తకు అరవై, భార్యకు యాభై అయిదు అయిన ఇంట్లో పదవీ విరమణ ప్రణాళికను భర్త ఆయుష్షుతో కొలవడం మరో పొరపాటు. ఆమె ఎనభై అయిదు వరకు జీవిస్తే ముప్పై ఏళ్ళు గడవాలి. నేడు నెలకు ముప్పై వేలతో సాగే ఇంటికి ఆరు శాతం లెక్కన ఇరవై నాలుగేళ్ళ తర్వాత లక్షా ఇరవై వేలు కావాలి. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో రూ. 30 లక్షలు వేస్తే 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి రూ. 61,500 వస్తుంది. ఆ మొత్తం పెరగదు, ఖర్చు పెరుగుతుంది. పింఛను పాలసీ కొనేటప్పుడు భర్త తర్వాత భార్యకూ కొనసాగే రకాన్ని ఎంచుకుంటే నెలసరి మొత్తం కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను చూసి ఒక్కరికే వచ్చే రకం తీసుకున్న ఇళ్ళలో పింఛను భర్తతోనే ముగుస్తుంది.

వృద్ధాప్యంలో ఇల్లు కొడుకు పేరున దానపత్రం రాసే ముందు, రాసిన మరుక్షణం హక్కు మారుతుందని, వీలునామా అయితే మరణానంతరమే అమల్లోకి వస్తుందని తేడా తెలిసి ఉండాలి. దానమే ఇవ్వాలనుకుంటే జీవితకాలం అనుభవించే హక్కు తనకే ఉంచుకొని, పోషణ బాధ్యతను షరతుగా దస్తావేజులోనే రాయించాలి. ఆ షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను కింద ట్రిబ్యునలు ఆ దానాన్ని రద్దు చేయగలదు.

ఇంత జరిగాక కూడా స్త్రీలు తమ పేరున వీలునామా రాయడం అరుదు; ఆస్తి తక్కువన్న భావన ఒక కారణం, అశుభమన్న జంకు మరొకటి. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను ప్రకారం వీలునామా లేకుండా మరణించిన స్త్రీ ఆస్తి మొదట భర్తకూ పిల్లలకూ వెళ్తుంది. వాళ్ళు లేకపోతే తల్లిదండ్రుల కంటే ముందు భర్త వారసులకు చేరుతుంది. తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన ఆస్తి మాత్రం సంతానం లేనప్పుడు తండ్రి వారసులకు వెళ్తుంది. పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోగా అత్తింటివారు బయటికి పంపిన ఒక స్త్రీని పుట్టింటివారు చదివించగా, ఆమె ఉద్యోగం చేసి కూడబెట్టిన సొమ్ము, పీఎఫ్‌తో సహా, ఆమె తల్లికి కాక ఆనాడు బయటికి పంపిన అత్తింటి తరఫు బంధువులకే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు ఇదే సెక్షను ఆధారంగా తీర్పునిచ్చింది. సానుభూతి చట్టాన్ని మార్చలేదని కోర్టు భావించింది. వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద తన సంతకం, తన ఎదుట సంతకం చేసిన ఇద్దరు సాక్షులు ఉంటే చెల్లుతుంది, ఎన్నిసార్లు మార్చినా చివరిదే అమలవుతుంది.